ఫ్రిజ్‌లో బబ్లూ దాచిన సీసా

నాంపల్లి,
ఆదివారం మధ్యాహ్నం.

నా బబ్లూ,

రేపటికి నువ్వు పోయి నలభై రోజులు. నీకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. ఇన్నేళ్లలో ఎప్పుడు రాయాల్సి వచ్చింది? అబిడ్స్ దాటి ఒక్క వారం కూడా నా కళ్లకు దూరంగా ఉన్నవాడివి కాదు. ఆరో తరగతితో ఆగిన చెయ్యి ఇది. తప్పులుంటే నవ్వుకో. మీ బాపు పనిచేసే కాగితాల దుకాణం నుంచి తెల్ల కాగితాలు తెమ్మంటే తెచ్చి పీట మీద పెట్టాడు. ఎవరికి రాస్తావని అడగలేదు. ఈ మధ్య ఆయన ఏమీ అడగడం లేదు. పొద్దున దుకాణానికి పోతాడు, సాయంత్రం వస్తాడు, చెప్పులు విప్పి నీ చెప్పుల పక్కన పెడతాడు.

మినపప్పు నానబోశాను. నానేలోపు ఇది రాసెయ్యాలి. నువ్వు పోయాక ఇరవై రోజులు పిండి అమ్మలేదు. తర్వాత గల్లీ వాళ్లే వచ్చి అడిగారు. రుబ్బుతుంటే నీ మాటలే చెవిలో పడతాయి. గుర్తుందా, పెద్ద చదువుకు చేరిన కొత్తలో ఒకరోజు గిన్నె దగ్గర కూర్చుని అడిగావు.

"అమ్మా, నీ పిండి ఎందుకు పులుస్తది?"

"పెడితే పులుస్తది. పులవకుంటే ఎవలు కొంటరు?"

"కంటికి కనవడని జీవులుంటయే దాంట్ల. తీపి తిని పులుపు ఇడుస్తయి. నేను చేసేది గదే, పెద్ద సీసాల."

"గా మాత్రం దానికి గిన్నేండ్ల చదువెందుకురా? నా పక్కకు కూసుంటే నేనే నేర్పుతుంటి గదా!"

ఎంత నవ్వావు ఆ రోజు! ల్యాబ్‌లో అందరికీ చెప్పావట, మా అమ్మే నా మొదటి సారు అని. ఆ పులుపును లాక్టిక్ యాసిడ్ అంటారని, కడుపు లోపల వేసే కుట్ల దారం, తానే కరిగిపోయే దారం, దాని నుంచే వస్తుందని నువ్వు చెప్తే నేను నమ్మలేదు. దోసెపిండి పులుపు నుంచి దారమా అన్నాను. అప్పుడు నీ కష్టం చెప్పావు. ఆ జీవి తాను చేసిన పులుపులో తానే చస్తుందట. చావకుండా మీరు సుద్దపొడి వేసి పులుపు విరగ్గొడతారట. తర్వాత ఆ సుద్ద నుంచి యాసిడ్‌ను విడదీయడం ఇంకో పెద్ద తిప్పలట. సుద్ద లేకుండా, ఎంత పులుపులోనైనా బతికే జీవి కావాలన్నావు. మొజంజాహీ మార్కెట్ వెనక పారేసిన బత్తాయిల కుప్పలోంచి ఒకదాన్ని పట్టుకొచ్చి, మూడేళ్లు దానికి కొంచెం కొంచెం పులుపు పెంచుతూ అలవాటు చేశావు. పండగ లేదు, ఆదివారం లేదు. చంటిపిల్లకు పాలు పట్టినట్టు పోయి దానికి మేత వేసి వచ్చేవాడివి.

ఇప్పుడు అసలు సంగతి రాయాలి.

నువ్వు దవాఖానలో పడకముందు శనివారం నాడు ఒక సీసా తెచ్చి మన ఫ్రిజ్‌లో పెట్టావు. మరునాడు నిన్ను దవాఖానలో వేశాం. డెంగీ అన్నారు. ఐదు రోజులు. రక్తంలో అదేదో పడిపోతూనే ఉంది, వాళ్లు ఎక్కిస్తూనే ఉన్నారు. తర్వాత ఇంటికి తెచ్చుకున్నాం నిన్ను.

పదకొండో రోజు ఇల్లు కడిగాం. మీ పెద్దత్త యాదవ్వ వాకిట్లో నిలబడి చెప్పింది, "ప్రభావతీ, చావు మైల సోకిన ఇంట్ల పులిసినవి ఉంచద్దు. పిండి, పెరుగు, తోడు అన్ని పారబొయ్యి. కొత్తగ తోడు తెచ్చుకో" అని. అది మన ఇళ్లలో ఉన్నదే. మా అత్త పోయినప్పుడూ చేశాను. పిండి పోశాను, పెరుగు పోశాను. నీ సీసా కూడా పోశాను.

పన్నెండో రోజు హైందవి వచ్చింది. ల్యాబ్‌లో నీ జూనియర్, ఆ చిక్కడపల్లి పిల్ల. నీ పటానికి దండం పెట్టి, కళ్లు తుడుచుకుని మెల్లగా అడిగింది. "ఆంటీ, గౌతమ్ ల్యాబ్ నుంచి సీసా ఏమైనా ఇంటికి తెచ్చాడా?" నేను "లేదు బిడ్డా, నేనేం చూడలే" అన్నాను. నోట్లోంచి ఎట్లా వచ్చిందో ఆ మాట. ఆ పిల్ల మన ఫ్రిజ్ వంక ఒక్కసారి చూసి వెళ్లిపోయింది.

మొన్న మీ పరశురాం సారు వచ్చాడు. కుర్చీలో కూర్చుని చాయ్ కూడా ముట్టకుండా చెప్పాడు. "అమ్మా, గౌతమ్ పని దాదాపు అయిపోయింది. పోయినంక గూడ డాక్టరేట్ ఇచ్చే రూల్ ఉన్నది. యూనివర్సిటీకి రాసిన. స్టేజి మీదికి పిల్చి మీ చేతికే ఇస్తరు." మీ బాపు గోడ వైపు తిరిగాడు. డాక్టర్ గౌతమ్ అని చదువుతారు, నేను లేచి స్టేజి ఎక్కాలి బబ్లూ.

ఆ వెంటనే సారు ఇంకో మాట చెప్పాడు. నువ్వు జ్వరంతో ఉన్న వారం మీ ల్యాబ్‌లో పెద్ద ఫ్రీజర్ చెడిపోయి, దాంట్లో దాచినవన్నీ చచ్చిపోయాయట. బయట మిగిలింది ఒక్క సీసా. అది కనబడటం లేదు. రిజిస్టర్లో చివరి సంతకం హైందవిది. ఆ పిల్లకు ఏదో కంపెనీ వాళ్లు ఉద్యోగమిస్తామని నెల నుంచి ఫోన్లు చేస్తున్నారట. "వాళ్లకే ఇచ్చిందని అందరి అనుమానం. శుక్రవారం విచారణ. తేలితే ఆమె పీహెచ్‌డీ ఖతమ్" అన్నాడు. నేను "గౌతమే యాడనన్న పెట్టిండేమో సారూ" అన్నాను. "గౌతమ్ అసువంటోడు కాదమ్మా. కల్చర్ సీసా ల్యాబ్ దాటిస్తే డిగ్రీయే పోతదని వానికి తెల్వదా?" అన్నాడు.

ఇదీ బబ్లూ నా మెడకు పడింది. నోరు విప్పితే నీ పేరు ముందు డాక్టర్ అన్న మాట రాదు. విప్పకపోతే పరాయి తల్లి కన్న పిల్ల దొంగ అవుతుంది. శుక్రవారానికి ఐదు రోజులుంది. పప్పు నానింది. లేస్తాను.

నీ అమ్మ,
ప్రభావతి.


నాంపల్లి,
సోమవారం.

నా తండ్రీ, బబ్లూ,

చెప్పేశాను. నిన్ను ఒక్క మాట అడగకుండానే చెప్పాను. నీ మీద నేరం వేసి వచ్చాను.

శుక్రవారం మీ బాపుకు కూడా చెప్పలేదు. పిండి డబ్బాలు అమ్మి, చీర మార్చుకుని, ఒక్కదాన్నే నడిచి పోయాను. మీ కాలేజీ మెట్లు నేను ఎక్కడం అదే మొదటిసారి. ఒక గదిలో బల్లకు అటువైపు నలుగురు సార్లు, ఇటువైపు హైందవి. ఆ పిల్ల చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ తల వంచుకుని ఉంది. నేను గుమ్మంలో నిలబడే అన్నాను. "సారూ, ఆ పిల్లను ఇడిచిపెట్టున్రి. సీసా నా కొడుకు ఇంటికి తెచ్చిండు. మైల అని నేనే పారబోసిన."

హైందవి లేచి నిలబడింది.

"అబద్ధం సార్! గౌతమ్ ఏమీ తీసుకెళ్లలేదు. ఆంటీ నన్ను కాపాడ్డానికి చెబుతున్నారు. ఆవిడ పరిస్థితి మీకు తెలుసుగా, నెల రోజులుగా నిద్ర లేదు."

నేను పిచ్చిదాన్నయ్యాననే కదా దాని అర్థం. సార్లు నన్ను జాలిగా చూశారు. పరశురాం సారు లేచి కుర్చీ జరిపాడు. "అమ్మా, జర కూసోండ్రి. నీళ్లు తాగుండ్రి. ఆటోల పంపిస్త ఇంటికి." నాకు రోషం వచ్చింది బబ్లూ. ఇరవై ఏళ్లుగా గిన్నె మూత తీసి వాసనతోనే పిండి సంగతి చెప్పేదాన్ని. నన్నా?

"నాకు చదువు రాదు గని పులుపు తెలుసు సారూ," అన్నాను. "మీ సీసాల నీళ్లు లేత బెల్లం రంగున్నయి. మూత తీస్తే పులుపు ముక్కులకు పొడిసినట్టు కొట్టింది. కల్లు వాసన లేదు, కుళ్లు వాసన లేదు. నురగ లేదు. అడుగున సుద్ద లేదు. నల్లా కాడ షాబాద్ బండ మీద పోసిన. పొయ్యంగనే బండ బుసబుస పొంగింది. నిమ్మకాయ పిండినా షాబాద్ బండ మీద మచ్చ పడ్తది, ఎవలి ఇంట్లనైనా చూసిందే. గని గిదట్లా కాదు. చాటంత తెల్ల మచ్చ. తోమితే పోతలేదు. చేత్తోని రాస్తే గరుగ్గ తగుల్తది."

పరశురాం సారు చేతిలో పెన్ను బల్ల మీద పెట్టాడు. "సుద్ద లేదా? చూసిన్రా అమ్మా మంచిగ?"

"చూసిన. నా కొడుకు చెప్పే సుద్దపొడి యాడ అని చూసిన."

ఆ మాటతో హైందవి కుర్చీలో కూలబడింది.

బయట వరండాలో నా మణికట్టు పట్టుకుంది ఆ పిల్ల. గోళ్లు దిగాయి. "ఎందుకొచ్చారు ఆంటీ మీరు? గౌతమ్ నా చేతుల మీదుగానే తీసుకెళ్లాడు. ఫ్రీజర్ చెడిపోయింది, ల్యాబ్ ఫ్రిజ్‌లోనూ కరెంటు లేదు, ఈ ఒక్కటైనా బతకనీ అన్నాడు. నేనే సంతకం పెట్టి ఇచ్చాను. మొదటి రోజు నుంచీ నాకు తెలుసు."

"తెలిసి నువ్వెందుకు జెప్పలే?"

"చెబితే డిగ్రీ ఆగిపోతుంది. అదొక్కటి మీ చేతికి రానివ్వండి అనుకున్నాను."

"మరి నీ చదువు?"

"నాది పోతే పోనీండి. నేను బతికున్నాగా."

ఇంత మాట అనే పిల్లను, బబ్లూ, ముప్పై రెండు రోజులు నా నోటితో దొంగను చేశాను.

శనివారం పొద్దున పరశురాం సారు మనింటికి వచ్చాడు. నేరుగా నల్లా దగ్గరికి పోయాడు. ప్యాంటు మోకాళ్ల దాకా తడుస్తున్నా చూడకుండా బండ మీద మోకాళ్లూని కూర్చున్నాడు. వేలితో మచ్చ అంచు వెంట రాసుకుంటూ పోయాడు. మీ బాపు దుకాణానికి పోకుండా గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. అప్పుడే ఆయనకూ తెలిసింది, సీసా సంగతి.

"వీడు సాధించిండమ్మా," అన్నాడు సారు తల ఎత్తకుండానే. "సుద్ద లేకుండ గింత యాసిడ్ చేసిందంటే మేం కాగితం మీద రాసుకున్నదాని కంటె ఎక్కువ. నాకు గూడ చెప్పలే. ఇంకోసారి చూసి చెప్దమనుకున్నడేమో."

"మళ్ల చేయొచ్చా సారూ?"

"మూడేండ్లు అలవాటు చేసిన జీవి అమ్మా అది. ఒక్కో మెట్టు కాడ దాచినవన్ని ఫ్రీజర్ల ఉండె, చచ్చినయి. ఇంకో దిక్కు దాచిపెట్టేటందుకు పంపాలని కాగితాలు గూడ తయారుజేసిండు వాడు. నా బల్ల మీదనే ఉన్నయి, సంతకం కోసం. రెండు నెలల సంది." ఆ మాట అని కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయనను ఏమనాలి? ఆయనకూ ఇంట్లో అద్దం ఉంటుంది.

హైందవి మీద విచారణ తీసేశారు. నీ డాక్టరేట్ కాగితాన్ని పక్కన పెట్టారు. రూలు దాటినందుకు ఒకటి, చూపించడానికి జీవి లేదని రెండు. డాక్టర్ గౌతమ్ అని ఎవరూ చదవరు బబ్లూ. సారు పోయాక మీ బాపు ఒక్క మాట అన్నాడు. "నువ్వు జేసింది మంచిదే. గని నాతోని జర మాట్లాడకు, రెండు దినాలు." ఆ రెండు రోజులు ఇవాళ్టితో అయిపోయాయి. ఇంకా మాట్లాడలేదు.

నీ పేరు నా చేత్తోనే తుడిచాను. మచ్చ మీద కాలు పడకుండా పక్కనుంచి నడుస్తున్నాం ఇద్దరం.

నీ అమ్మ,
ప్రభావతి.


నాంపల్లి,
కార్తీక పౌర్ణమి వెళ్లిన మరునాడు.

చిట్టితల్లీ హైందవీ,

నీకు ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. తప్పు లేదు. అందుకే ఈ కాగితం. ఇదివరకు రెండు ఉత్తరాలు బబ్లూకి రాశాను. వాడు చదవడని తెలిసీ వాటిలోనూ కొంత దాచుకున్నాను. చనిపోయినవాడి దగ్గర దాచేది ఏముంటుంది అంటావా? దాచాను తల్లీ. నీ దగ్గర దాచలేను. నువ్వు నిజంగా పోగొట్టుకున్నదానివి.

అందరూ ఒకటే అంటున్నారు, తెలియక చేసింది పాపం, చదువు లేనిది అని. మీ సార్లూ అదే రాసుకున్నారట. నా ఆడపడుచు యాదవ్వ కూడా "నేనే చెప్పిన గదా పారబొయ్యిమని, నీ తప్పేంది" అంటూ ఏడుస్తోంది. ఆమె చెప్పింది పిండి, పెరుగు. సీసా ఉన్న సంగతే ఆమెకు తెలియదు. నాకు తెలుసు.

ఆ శనివారం బబ్లూకి ఒళ్లు కాలిపోతోంది. రెండు రోజులుగా ఏమీ తినలేదు. చారు, మెత్తటి అన్నం కలిపి ముద్ద నోటి దాకా తెచ్చాను. అప్పుడే నీ ఫోన్ వచ్చింది, ఫ్రీజర్ చెడిపోయిందని. ముద్ద నా చేతిలోనే ఉంది, వాడు లేచాడు. "అమ్మా, ఇప్పుడే వస్త" అన్నాడు. బయట వాన. గొడుగు తెచ్చేలోపు గల్లీ మలుపు దాటాడు. తిరిగి వచ్చేసరికి తలలోంచి నీళ్లు కారుతున్నాయి, పళ్లు టకటకమంటున్నాయి. పైన వేసుకున్న అంగీ ఒంటి మీద లేదు. విప్పి సీసాకు చుట్టి, దాని మీద ప్లాస్టిక్ కవరు కట్టి, గుండెలకు పట్టుకుని తెచ్చాడు. వాడు తడిసిపోయాడు, అది తడవలేదు. ఫ్రిజ్‌లో పెట్టి, ఒక చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించాడు: అమ్మా, ముట్టకు. నాకు చదవడం వచ్చే అక్షరాలతో రాశాడు.

డెంగీ వానలో తడిస్తే రాదని, దోమతో వస్తుందని డాక్టరు చెప్పాడు. విన్నాను. అర్థమైంది. అయినా ఆ ఐదు రోజులూ దవాఖాన బెంచీ మీద కూర్చుని నేను తిట్టింది దోమను కాదు, ఆ సీసాను. నా ముద్ద కాదని లేచి దాని కోసం పోయాడు. వాడు పోయాడు, అది మాత్రం నా ఇంట్లో, నా ఫ్రిజ్‌లో, వాడి అంగీ కప్పుకుని చల్లగా పడుకుని ఉంది.

పదకొండో రోజు అంగీ విప్పాను. చీటీ చదివాను. రెండుసార్లు చదివాను. తర్వాత పోశాను. బండ పొంగుతుంటే కూర్చుని చూశాను. నాకు అప్పుడు హాయిగా అనిపించింది తల్లీ. మైల పేరు చెప్పి పగ తీర్చుకున్నాను. కన్నకొడుకు మూడేళ్ల కష్టం అని, అది చచ్చాక తెలిసింది కాదు నాకు. పోసేటప్పుడే తెలుసు. ఆ చీటీని పొయ్యిలో వేశాను. అంగీ మాత్రం ఉంది, ఇంకా ఉతకలేదు.

ఈ మాటే పరశురాం సారుకూ వేరే కాగితం మీద రాశాను. వాడు జాగ్రత్తగానే దాచాడని, ముట్టవద్దని రాసి పెట్టాడని, తెలిసి చేసింది నేనని ఆయన ఫైల్లో ఉండాలి. దానితో డిగ్రీ వస్తుందని కాదు. రాదని ఆయన చెప్పాడు. నా తప్పులో సగం నా కొడుకు పేరు మీద ఉండకూడదు, అంతే. కాగితం ఇచ్చి రమ్మని బబ్లూ వాళ్ల బాపు చేతికే ఇచ్చాను. మడవకుండా ఇచ్చాను. దుకాణం మెట్ల మీద నిలబడి చదివాడట. ఇంటికి వచ్చి, "చీటీల ఏం రాసిండు, మళ్లొకసారి చెప్పు" అన్నాడు. చెప్పాను. "అమ్మా, అని ముందు రాసిండా?" అన్నాడు. రాసిండు అన్నాను. అప్పుడు ఏడ్చాడు, ఇన్నాళ్లకు.

నన్ను క్షమించమని అడగను. నువ్వు క్షమిస్తే ఏం చేసుకోవాలో నాకు తెలియదు. నీ పని కూడా ఆ జీవి మీదే కాబట్టి నీకు రెండేళ్ల చదువు వెనక్కి పోయింది. ఆ రెండేళ్లు నేను తిరిగి ఇవ్వలేను. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టావని సారు చెప్పాడు. చాదర్‌ఘాట్ దగ్గర చెరకు రసం బండ్ల వెనక పిప్పి కుప్పల్లో వెతుకుతున్నావట, రోజూ డబ్బాలు నింపుకుని పోతున్నావట. అక్కడ కుక్కలుంటాయి, చూసుకుని నడువు. మూసీ గాలి మంచిది కాదు, ముక్కుకు చున్నీ కట్టుకో.

ఇంకొకటి కూడా చెప్పాడు సారు. మధ్యాహ్నం మీ అమ్మ కట్టిచ్చిన అన్నం డబ్బా మూత తీయకుండానే సాయంత్రం ఇంటికి తీసుకుపోతున్నావట. మీ అమ్మను నేను చూడలేదు. కానీ ఆ డబ్బా మూత తీసి చూసినప్పుడు ఆమెకు ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. ఆమె కూడా ఏదో ఒకదాన్ని తిట్టుకోవడం మొదలుపెడుతుంది. అట్లా కానివ్వకు.

నా మీద కోపం ఎన్నేళ్లైనా ఉంచుకో. మా ఇంటికి రాకపోయినా సరే. నీ పని నువ్వు చెయ్యి. ఆ జీవులు ఒక గంట ఆగుతాయి. వేళకు కూర్చుని, కడుపు నిండా అన్నం తిను తల్లీ.

బబ్లూ అమ్మ,
ప్రభావతి.